చెర్వు కాడ

నా చిన్నప్పుడు, ఆరో తరగతిలో చేరిన ఏడాది, ఒక మనిషి చెప్పిన మాటలోంచి చిన్న ముక్క ఒకటి తీసేసి మా ఊరి హోటల్ ముందు నిలబడి చెప్పాను. తీసేసిన ముక్క 'కాడ'. అంత చిన్న మాట పోతే ఏమవుతుందని ఎవరైనా అనుకోవచ్చు. ఏమవుతుందో ఆ రోజు నేనూ ఊహించలేదు. కానీ ఎందుకు తీసేస్తున్నానో మాత్రం నాకు అప్పుడే తెలుసు. ఈ వయసులో దాన్ని దాచుకునే ఓపిక లేదు కనుక మొదటే చెప్పేస్తున్నాను.

మా ఊరు మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో ఉంటుంది. ఇప్పుడక్కడ ప్లాట్ల హద్దు రాళ్లు, గేట్లు, గోడలు. అప్పట్లో రోడ్డుకు రెండు వైపులా ద్రాక్ష తోటలు ఉండేవి. కాయ తెంపే రోజుల్లో పందిళ్ల కింద మందు వాసన, తీపి వాసన కలిసిపోయి ఊరంతా కమ్ముకునేవి. మా నాయిన దర్జీ. మా అవ్వ, అంటే నాయిన తల్లి, ఆయన కుట్టిన అంగీల గుండీలకు కాజాలు తీసేది. మా పెంకుటింటికి ఆనుకొని పటేల్ గారి పెద్ద ప్రహరీ. తోటలు ఆయనవే. ఆయన బిడ్డ మేడ్చల్ కాలేజీలో ఇంటర్ చదివేది. నాకు పక్కింటి అక్క. గోడ మీద నుంచి పిలిచి దుకాణానికి పంపేది, తిరిగి వచ్చాక నా లెక్కలు చూసి పెట్టేది.

పటేల్ గారి తోటలో ద్రాక్ష డబ్బాలు మోసే మూడు చక్రాల ట్రాలీ ఉండేది. దాన్ని నడిపే మనిషి పాలమూరు వైపు నుంచి బతకడానికి వచ్చినవాడు. పిల్లలందరికీ ట్రాలీ మామ. భార్య ఆయన్ని వదిలి పుట్టింటికి పోయింది. తోటలోని మోటరు రూములో ఒక్కడే ఉండేవాడు. మేము వెనక పరుగెడితే ఎత్తు దగ్గర బండిని నిదానం చేసేవాడు. ఎక్కమని అనేవాడు కాదు, దిగమనీ అనేవాడు కాదు. మాట చాలా తక్కువ. భార్య వదిలిపోవడం తరువాత ఆయన మీద మొదటి నేరమైతే, ఆ తక్కువ మాట రెండోదైంది.

ఒక రోజు అక్క కాలేజీకని పోయి సాయంత్రానికి ఇంటికి రాలేదు. మొదటి రోజు ఆ ప్రహరీ లోపలే గుసగుసలు. మరునాడు పటేల్ మనుషులు మేడ్చల్, బౌరంపేట్, కౌకూర్ తిరిగి వచ్చారు, పోలీసులు వచ్చారు. ఆ తరువాతి పొద్దుటికి ఊరు నోరు తెరిచింది.

మా ఊరి హోటల్ అంటే రేకుల కప్పు, రెండు బల్లలు, ఒక పొయ్యి. ఆ పొద్దుటి నుంచి అక్కడ చాయ పొయ్యి మీద నుంచి దిగలేదు. బడి ఎగ్గొట్టి నేను కూడా ఆ బల్లల చుట్టే తిరిగాను. ఊళ్లో పెద్దమనుషులని మేము దండం పెట్టేవాళ్లే అక్కడ కూర్చుని ఆ పిల్ల ఎవరితో పోయిందోనని మాట్లాడుకున్నారు.

"లెక్కల సారంట. మీసం ఎట్ల దువ్వుతడో సూడలే?"

"సారు గాదురా బై, కండక్టరు. టికెట్ కొట్టకుండనే ఎక్కిచ్చుకుంటుండెనంట."

"నీ బిడ్డను గూడ గా బస్సులనే పంపుతవు గద. ఇంటికొచ్చిందో లేదో సూసుకోపో."

అందరూ నవ్వారు. బిడ్డ ఉన్న ఆయన కూడా నవ్వాడు. సారు మీద కాసేపు, కండక్టరు మీద కాసేపు నడిచాక, కోళ్ల దాణా అమ్మే ఆయన గ్లాసు కింద పెట్టి, కాలేజీకని పోయిన రోజు పొద్దున అక్క ట్రాలీలో ముందు సీటు మీద కూర్చుని పోతుంటే చూశానన్నాడు. ఇంతసేపు ఎందుకు చెప్పలేదని ఎవరూ అడగలేదు. సారుకు ఊళ్లో బంధువులున్నారు, కండక్టరుకు యూనియన్ ఉంది. ట్రాలీ మామకు ఎవరూ లేరు. అందరికీ అదే బాగా కుదిరింది.

"పెండ్లాం ఊకెనే పోతదా? ఏదో సూసే పోయుంటది."

"నోరు ఇప్పడు సూడు ఎన్నడు. గసొంటోల్లే డేంజరు."

"డబ్బాల కింద ఏమేస్కపోతడో ఎవలకెరుక."

ట్రాలీ మామ అక్క పోయిన రోజే సరుకుతో పట్నం పోయి, బండి చెడిపోతే బాగు చేయించుకోవడానికి అక్కడే ఆగిపోయాడు. అక్క కనిపించడం లేదన్న సంగతే ఆయనకు తెలియదు. ఆ పొద్దున తిరిగి వస్తూ బడి మలుపు దగ్గర ఇంజన్‌లో నీళ్లు పోసుకుంటున్నాడు. మొదట చూసింది నేను. పరుగెత్తుకెళ్లి, మా అక్కను నీ ట్రాలీల తోల్కపోయినవంట గదా మామా అని అడిగాను.

"ఆ. చెర్వు కాడ దింపిన," అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "ఎందుకురా?" అని అడిగాడు.

శామీర్‌పేట చెరువు కట్ట దగ్గర సిద్దిపేట పోయే బస్సులు ఆగుతాయి. మా వైపు అందరూ ఆ బస్టాపును 'చెర్వు కాడ' అనే అంటారు. అది నాకు బాగా తెలుసు. సిద్దిపేట దగ్గరి పల్లెలో అక్కకు చిన్నమ్మ ఉందని కూడా తెలుసు. ఆయన ఎందుకురా అని అడిగితే నేను జవాబు చెప్పలేదు. చెబితే, ఇట్లా అక్క కనిపించడం లేదు మామా అంటే, ఆయన నేరుగా పటేల్ దగ్గరికి పోయి ఉన్నది చెప్పేవాడు. ఆ కబురు ఆయనదైపోయేది. నాకు అది నాదిగా కావాలి. ఆయన్ని అట్లాగే నిలబెట్టి హోటల్ వైపు పరుగు తీశాను.

మొదటిసారి నేను సరిగానే చెప్పాను. చెర్వు కాడ దింపిండంట అన్నాను. ఎవరూ తల ఎత్తలేదు. ఒకాయన బీడీ వెలిగించుకుంటూ, "అది బస్టాపే గదరా పోరగా. పోయి బడి జూస్కో," అన్నాడు. మళ్లీ నవ్వులు. నాకు చెవులు కాలాయి. అప్పుడు రెండోసారి చెప్పాను. "కాడ గాదు. చెర్ల దింపిన అన్నడు."

మా దగ్గర చెరువులో అనడానికి చెర్ల అంటారు.

హోటల్‌లో గ్లాసులు నోటి దాకా పోయి నిలిచాయి. బీడీ ఆయన జరిగి, బల్ల మీద నాకు చోటు ఇచ్చాడు. హోటలాయన నా చేతిలో ఉస్మానియా బిస్కెట్ పెట్టాడు. మళ్లా జెప్పు బేటా, సక్కగ జెప్పు అన్నారు. నేను చెప్పాను. ఒక్కొక్కరు వచ్చినప్పుడల్లా చెప్పాను. నా జీవితంలో అంతమంది పెద్దవాళ్లు నా నోటి వైపు చూడటం అదే మొదలు.

ట్రాలీ మామ రోజూలాగే హోటల్ ముందు బండి ఆపి చాయకు వచ్చాడు. ఆయన కూర్చోకముందే కాలర్ పట్టుకున్నారు. ఒకాయన ముఖంలో ముఖం పెట్టి, పిల్లను చెర్ల దింపినవా లేదా అని అరిచాడు.

"ఆ, దింపిన. చెర్వు కాడ, బస్సుకు పోతనంటె..."

'ఆ' అన్నంతవరకే విన్నారు. ఒప్పుకుండు, ఒప్పుకుండు అని వెనక ఉన్నవాళ్లకు కబురు పోయింది. తరువాతి మాటల మీద దెబ్బలు పడ్డాయి. చేతికి స్టీలు కడియం ఉన్న ఒకాయన ఎడమ చెవి మీద కొట్టడం నేను బల్ల మీది నుంచి చూశాను. కొట్టిన ప్రతిసారీ ట్రాలీ మామ నోటి నుంచి ఒకటే మాట వచ్చింది, ఎందుకు అని. నన్ను అడిగిందే వాళ్లనూ అడుగుతున్నాడు. అక్కడ ఉన్నవాళ్లలో దానికి జవాబు తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. నా చేతిలో బిస్కెట్ సగం మిగిలి ఉంది.

ట్రాలీని కాలువలోకి తోశారు. లోపల మిగిలిన ద్రాక్ష డబ్బా ఒకటి పగిలి గుత్తులు దొర్లాయి. పిల్లలందరూ ఏరుకుని తిన్నారు. నేనూ తిన్నాను.

పోలీసులు ఆయన్ని జీపులో వేసుకుపోయారు. మధ్యాహ్నానికి చెరువులో వలలు దించారు. మా ఊరు, పక్క ఊళ్లు కట్ట మీదే ఉన్నాయి. సోడా బండి కూడా వచ్చింది. ఎవరో బిడ్డను భుజాల మీద ఎక్కించుకుని చూపించాడు. వల బురదతో పైకి వచ్చినప్పుడల్లా జనం నిట్టూర్చేవారు. ఆ నిట్టూర్పులో ఊరట ఎంతో, సినిమా మధ్యలో కరెంటు పోయినప్పటి చిరాకు ఎంతో నేను చెప్పలేను.

ఇంటికి వచ్చి అవ్వకు గొప్పగా చెప్పాను, పట్టిచ్చింది నేనేనని. అవ్వ అరుగు మీద కూర్చుని కాజాలు కుడుతోంది. సూది ఆపలేదు. "ఆయన అన్నట్టే అను," అంది. చెర్ల దింపిన అన్నడు అవ్వా అన్నాను. "మల్ల అను." మళ్లీ అదే అన్నాను, కొంచెం చిన్నగా. సూది ఆగింది. కళ్లజోడు పై నుంచి నా వైపు చూసి, "ఇంకోసారి అను. ఆయన నోటి నుంచి వచ్చినట్టే," అంది. మూడోసారి నోరు తెరిస్తే 'కాడ' దానంతట అదే బయటికి వచ్చింది.

అవ్వ కొట్టలేదు. చేతిలో అంగీ మడిచి పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుని పటేల్ గారి ఇంటికి తీసుకెళ్లింది. అక్కడ వాకిట్లో హోటల్ మనుషులే ఉన్నారు. పటేల్ కళ్లు ఉబ్బి ఉన్నాయి. మూడు రోజులుగా నిద్రలేని మనిషి నా ముందు మోకాళ్ల మీద కూర్చుని మెల్లగా అడిగాడు, ఏమన్నడో జెప్పు బిడ్డా అని. ఆయన భుజం మీదుగా చూస్తే, నాకు చోటిచ్చిన బీడీ ఆయన, బిస్కెట్ ఇచ్చిన హోటలాయన, స్టీలు కడియం ఆయన కనిపించారు. చెర్ల అన్నడు అన్నాను.

"నా మనుమడు అబద్ధమాడుతున్నడు పటేలా. చెర్వు కాడ అన్నడంట. బస్సు జాగల ఒకసారి అడిగిపియ్యి," అంది అవ్వ.

"అవ్వకు చెవులు ఇనపడయి తియ్. ఓ అవ్వా, ఇంటికి పోయి పండుపో," అన్నారెవరో. పటేల్ అప్పటికే లేచి అటు తిరిగిపోయాడు. మొదటిసారి నోరు జారానని అనుకోవచ్చు. ఈ రెండోసారి అట్లా అనుకోవడానికి నాకు ఏ దారీ లేదు.

ఇంటికి వచ్చాక అవ్వ అడిగింది, మీ తాతను మోసుకపోయిన నాడు నడుమ ఎక్కడ దింపిండ్రో యాదికున్నదా అని. ఉంది. శ్మశానం దారిలో పాడెను ఒకచోట కిందికి దింపుతారు. దాన్ని దింపుడు గల్లం అంటారు. అక్కడ కొడుకు వంగి, చనిపోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలుస్తాడు. ఒకవేళ ప్రాణం ఉందేమో, పలుకుతాడేమోనని. తాత చెవిలో మా నాయిన పిలవడం నేను చూశాను.

"సచ్చిండని అందరికెరుకున్నా మూడు మాట్ల పిలుస్తరు, బిడ్డా. పలకకపోతెనే లేవనెత్తుతరు," అంది అవ్వ. "గాయన బతికున్నోడు. మీరు ఒక్కమాటన్న అడిగిండ్రా?"

అక్క వారం తిరగకముందే వచ్చింది. కాలేజీ మానిపిస్తామని ఇంట్లో అంటే అలిగి చిన్నమ్మ దగ్గరికి పోయింది. ఆ పల్లెలో ఫోన్ లేదు. ఇక్కడి గోల తెలియగానే చిన్నమ్మ వెంటబెట్టుకుని వచ్చింది. ఇద్దరూ శామీర్‌పేటలో ఆ కట్ట దగ్గరే బస్సు దిగారు. ఊరు ఊరంతా చూడటానికి పోయింది. పిల్ల చిక్కిపోయింది పాపం అన్నారు. ట్రాలీ మామ పేరు ఆ రోజు ఎవరూ ఎత్తలేదు.

పోలీసులు ఆయన్ని వదిలేశారు. పటేల్ పనిలోకి రానివ్వలేదు. ఎదురుగా కనిపిస్తే బాగుండదని అన్నాడట. హోటల్‌లో బల్లలు అట్లాగే ఉన్నాయి, మాటలూ ఆగలేదు. పిల్ల వచ్చె గద, ఇగ ఏమంటరు అని ఎవరో అంటే, బీడీ ఆయన పొగ వదిలి, "గీసారి గాకుంటె ఇంకోసారి. వాని సూపు మంచిది గాదు," అన్నాడు.

మరునాడు అవ్వ నన్ను తోటలోకి తీసుకెళ్లింది. మోటరు రూము ముందు ఆయన మాకు వీపు పెట్టి కూర్చుని బట్టలు మూట కడుతున్నాడు. పిలువు అంది అవ్వ. మామా అన్నాను. ఆయన పలకలేదు. మళ్లీ పిలిచాను. ఎడమ చెవిలో దూది ఉంది, దాని అంచు పసుపు పచ్చగా ఉంది. మూడోసారి గట్టిగా పిలిచి ముందుకు అడుగు వేశాను. ఆయన ఉలిక్కిపడి తిరిగి, రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆరో తరగతి పిల్లవాణ్ని చూసి.

అవ్వే చెప్పింది, చెర్ల అని చెప్పింది వీడే నాయినా అని. ఆయన చేతులు దించి నన్ను చాలాసేపు చూశాడు. తిట్టలేదు. "ఎందుకురా అని అడిగిన గద," అన్నాడు. "ఒక్కమాట జెప్పకపోతివి." మూట భుజాన వేసుకుని తోట దాటి వెళ్లిపోయాడు. తప్పయిందన్న మాట అప్పుడు కూడా నా నోటి నుంచి రాలేదు.

తరువాత నేను చదువుకున్నాను, సూరారం దగ్గర ఒక పంపుల కంపెనీ స్టోర్‌లో పనికి చేరాను. అవ్వ అప్పటికే పోయింది. ఒక రోజు మా సరుకు దాచే షెడ్డుకు పోతే, గేటు దగ్గర వాచ్‌మన్ నా మాట వినడానికి తల పక్కకు తిప్పి కుడి చెవి ముందుకు పెట్టాడు. జుట్టు నెరిసింది. మనిషి ఆయనే. నేనెవరో చెప్పాను. ఇన్నేళ్లూ నోట్లో పెట్టుకుని తిరిగిన మాట ఆ గేటు దగ్గర నిలబడి చెప్పాను, మామా తప్పు చేసినా అని. ఆయన విని, తల ఊపి, గేటు తీశాడు.

ఆ తరువాత ఎన్నోసార్లు పోయాను. చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఇంత పాతదానికి చేసేదేం లేదన్నాడు. ఏం చేయమంటవు మామా అని ఒకసారి అడిగితే, ఆయన బాగా ఆలోచించి అన్నాడు. "గా హోటల్ల ఒక్కసారి కూసొని చాయ తాగాలె. ఆ రోజు తాగకనే పోతి."

ఒక ఆదివారం ఇద్దరం బస్సెక్కి శామీర్‌పేటలో చెర్వు కాడ దిగాం, ఆటోలో ఊరికి పోయాం. తోటలు లేవు. మోటరు రూము ఉన్న చోట ప్లాట్ల వాళ్ల జెండాలు. హోటల్‌కు సిమెంటు స్లాబు పడింది. బీడీ ఆయన ముసలివాడై అక్కడే ఉన్నాడు. కొత్త కుర్రాళ్లు కొందరు ఉన్నారు. మామను బల్ల మీద కూర్చోబెట్టి, చాయ చేతికిచ్చి, నేను లేచి నిలబడి చెప్పాను. ఈయన ఆ రోజు చెర్వు కాడ అన్నాడు, చెర్ల అన్నది నేను, మీరందరూ నా మాట మీద ఈయన్ని కొట్టారు. ఒక్క మాటా మింగలేదు.

ఒక కుర్రాడు పక్కవాణ్ని అడిగాడు, "గీయనేనా, గప్పట్ల పిల్లను చెర్ల ఏసింది?" అక్క ఆ ఊరికి పిల్లలతో వచ్చి పోతూనే ఉంటుంది. అయినా అట్లా అడిగాడు. బీడీ ఆయన అన్నాడు, "గిప్పుడెందుకురా గా ముచ్చట. ఏం లేకుంటెనే ఊరంత కొట్టిందా?"

వాళ్లు మామకు ఎడమ వైపు ఉన్నారు. ఆయనకు వినపడలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నా వైపు తిరిగాడు. ముఖంలో ఆశ లాంటిది ఉంది. "ఏమంటున్నరురా?" అని అడిగాడు.

మాఫ్ చెయ్యమంటున్నరు మామా అని చెబితే సరిపోయేది. ఒక్క చిన్న మార్పు. ఆయన ఆ చాయ సంతోషంగా తాగేవాడు, ఎవరికీ నష్టం లేదు. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడు అరుగు మీద కాజా కుడుతున్న అవ్వ గుర్తుకొచ్చింది.

ఆయన కుడి చెవి దగ్గర వంగి, కుర్రాడు అన్నది కుర్రాడు అన్నట్టే, బీడీ ఆయన అన్నది ఆయన అన్నట్టే చెప్పాను.

ఆయన కళ్లు కిందికి దించాడు. చాయ చివరి గుక్క దాకా తాగాడు. గ్లాసు బల్ల మీద పెట్టి, నా భుజం పట్టుకుని లేస్తూ, "ఆ," అన్నాడు. "గీసారి అన్నట్టే జెప్పినవ్."

ఆ తరువాత కూడా ఆయన అడిగినప్పుడల్లా ఆ హోటల్‌కు తీసుకెళ్లాను. ఆయన చనిపోయేదాకా కుడి పక్కనే కూర్చున్నాను. ఎవరు ఏమన్నా, మంచిదైనా చెడ్డదైనా, ఒక్క ముక్క తీయకుండా ఆయనకు చెప్పాను.